ఎడమ బాక్సులో గలగల

మైకు బాబాయ్ సౌండు మిక్సర్ ముందు కూర్చుని ఉండగా ప్రార్థన మందిరంలో మైకు కూయడం ఎవరూ ఎరగరు. కూత అంటే, మాట్లాడే మనిషి కాస్త అటూ ఇటూ జరగగానే స్పీకర్లలోంచి వచ్చి చెవులు చిల్లులు పొడిచే ఆ కుయ్యిమనే మోత. అది రాబోతోందని బాబాయ్‌కి ముందే తెలిసిపోతుంది. ఎవరి చెవికీ అందకముందే అతని వేలు నాబ్ మీద ఉంటుంది. ఎలా తెలుస్తుందని అడిగితే "గాలి బిగుసుకుంటుంది" అంటాడు. గాలి బిగుసుకోవడమేమిటని ఇంకో ప్రశ్న వేస్తే విసుక్కుంటాడు.

అతనికి అసలు పేరు లేకపోలేదు. పెళ్ళి శుభలేఖలో ఒకసారి అచ్చయింది, ఆ తర్వాత దాని అవసరం ఎవరికీ పడలేదు. చిన్నప్పుడు చదువు అబ్బలేదని మేనమామ తన రేడియో రిపేరు షాపులో కూర్చోబెట్టుకున్నాడు. టంకం ఎక్కువ పెడితే వేళ్ళ మీద స్క్రూడ్రైవరుతో ఒక్కటి వేసేవాడు. మేనమామ పోయాడు, రేడియోలూ పోయాయి, షాపు మిగిలింది. చెప్పుల దుకాణానికీ జిరాక్సు షాపుకీ మధ్య, చేతులు బార చాపితే రెండు గోడలూ తగిలేంత షాపు. నిండా ఆంప్లిఫయర్లు, మైకులు, పొట్ట విప్పిన స్పీకర్లు, మధ్యలో ఒక స్టూలు, స్టూలు మీద బాబాయ్. తనకి నిలబడే చోటు కూడా లేదని పిన్ని అక్కడికి వెళ్ళడమే మానేసింది. పిన్ని అంటే అతని భార్య. అతను అందరికీ బాబాయ్ అయ్యాక ఆమె పిన్ని కాక తప్పలేదు.

మనిషి మెతకే గానీ, వైర్ల దగ్గర మాత్రం ఎవర్నీ ఖాతరు చేయడు. ప్రార్థన అయ్యాక సాయం చేద్దామని ఎవరైనా వైరు అందుకుని మోచేతికి చుట్టడం మొదలుపెడితే, "అలా చుడితే లోపల తీగ మెలి తిరిగి చచ్చిపోతుందయ్యా, అక్కడ పెట్టెయ్" అంటాడు. మందిరంలో ప్రార్థన నడిపించే పెద్దాయనకి కూడా ఒకసారి ఈ అక్షింతలు పడ్డాయి. ఆయన వైరు కింద పెట్టి, చేతులు దులుపుకుని, బుద్ధిగా వెళ్ళిపోయారు.

మందిరంలో అందరి గొంతులూ బాబాయ్ హెడ్‌ఫోన్లలోంచే వెళ్ళేవి. ఎవరికి జలుబు చేసిందో, పాటలు అందుకునే పాటలక్క ఏ పాట మరచిపోబోతోందో అతనికే ముందు తెలిసేది. ఈమధ్య ప్రార్థన మొదలుపెట్టేముందు పెద్దాయన ఊపిరి వణుకుతోందని కూడా అతను కనిపెట్టాడు. హెడ్‌ఫోన్లలో విన్నది బయటికి చెప్పకూడదని అతని నియమం, అందుకని ఆ ముక్క కడుపులోనే పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో తను మాత్రం మైకులో మాట్లాడింది లేదు. గోటితో రెండుసార్లు తట్టి "చెక్, చెక్" అంటాడు, అంతే.

అలాంటి మనిషికి లోకం దూరంగా జరగడం మొదలైంది. చెవుడు రాలేదు. అన్నీ వినబడుతూనే ఉండేవి, ఏదీ తనకి సంబంధించినదిగా ఉండేది కాదు. నిద్ర తగ్గింది, తిండి తగ్గింది. వేడెక్కిన టంకం కర్ర పట్టుకుని, దేనికి పట్టుకున్నాడో తోచక అలాగే కూర్చునేవాడు. షాపు షట్టరు సగమే లేచేది. చూసినవాళ్ళంతా తలో వైద్యం చెప్పారు. గ్యాస్ అన్నాడొకడు. వయసన్నాడు ఇంకొకడు. జిరాక్సు షాపతను ఫోను ఎక్కువ చూడటం వల్ల అన్నాడు. బాబాయ్ దగ్గర ఉన్నది నొక్కుడు బటన్ల ఫోను, అందులో చూడ్డానికి ఏమీ లేదు.

ఒక ప్రార్థన రోజు పాటలక్క పాడుతూ పాడుతూ స్పీకరు ముందుకి వచ్చేసింది. కూత మొదలైంది. సన్నగా మొదలై మందిరం నిండా పాకింది. చంటిపిల్లలు ఏడుపు అందుకున్నారు, ముసలివాళ్ళు చెవులు మూసుకున్నారు, అందరి తలలూ వెనక్కి తిరిగాయి. బాబాయ్ మిక్సర్ ముందే ఉన్నాడు. చెయ్యి నాబ్‌కి జానెడు దూరంలో ఉంది. ఆ జానెడు ఎందుకు జరపాలో అతనికి అంతుపట్టడం లేదు. చివరికి జనంలోంచి, మందిరానికి వచ్చే వడ్రంగి పరుగెత్తుకొచ్చి ప్లగ్గు పీకేశాడు.

జనం వెళ్ళాక పెద్దాయన వచ్చి పక్కన కూర్చున్నారు. "ఎప్పటినుంచి ఇలా ఉంది తమ్ముడూ?"

"తెలీదండీ. చాన్నాళ్ళయింది."

పెద్దాయన పిన్ని వైపు తిరిగి, "ప్రార్థన సంగతి మేం చూసుకుంటాం. డాక్టరు సంగతి నువ్వు చూడమ్మా" అన్నారు. ఆ మాట అన్నందుకు ఆయనకి పిన్ని జన్మంతా రుణపడిపోయానంటుంది. డాక్టరు దగ్గరికి వెళ్తామంటే దేవుడి మీద నమ్మకం లేదా అంటారేమోనని ఆమె అప్పటికి ఎన్నాళ్ళుగానో లోలోపల భయపడుతోంది.

డాక్టరమ్మ మెల్లగా మాట్లాడే మనిషి. నిద్ర గురించి అడిగింది, తిండి గురించి అడిగింది. ఆ తర్వాత అదే గొంతుతో, "చచ్చిపోతే బాగుండని ఎప్పుడైనా అనిపించిందా?" అని అడిగింది. బాబాయ్ పిన్ని వైపు చూసి, లేదన్నాడు. పిన్నికి అర్థమైంది. "నేను బయట కూర్చుంటాను" అని లేచింది. బాబాయ్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అనిపించింది" అన్నాడు.

పిన్ని మళ్ళీ కూర్చుంది. అక్కడ ఏడవలేదు. ఇంటికొచ్చే బస్సులో కిటికీ వైపు తిరిగి, దిగేదాకా ఏడ్చింది.

డాక్టరమ్మ చెప్పింది పెద్ద కష్టమైన పనేం కాదు. "ఇందులో మీ తప్పేం లేదు. ఇది జబ్బు, తగ్గే జబ్బు. రోజూ పొద్దున కడుపు నిండా తిన్నాక ఒక టాబ్లెట్. ఖాళీ కడుపుతో వేసుకుంటే మీకు తిప్పుతుంది. కొన్ని వారాలు ఓపిక పట్టాలి. బాగానే ఉందనిపించినా నన్నడక్కుండా మానెయ్యొద్దు. ఆ చచ్చిపోవాలన్న ఆలోచన మళ్ళీ వస్తే ఏ వేళైనా సరే, ముందు మీ ఆవిడకి చెప్పి, నాకు ఫోన్ చెయ్యండి." కొన్ని వారాలకి బాబాయ్ ముఖం కాస్త తేరుకుంది. షట్టరు పూర్తిగా లేచింది. మందిరంలో మళ్ళీ మిక్సర్ ముందు కూర్చున్నాడు.

ఇక మందిరం వాళ్ళ సంగతి. ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే వాళ్ళ దగ్గర వంతు పస్తు అని ఒక పద్ధతి ఉంది. రోజుకో కుటుంబం పొద్దు కుంకేదాకా ఏమీ తినకుండా ఆ మనిషి కోసం ప్రార్థన చేస్తుంది. మన మైకు తమ్ముడు పూర్తిగా కోలుకునేదాకా అతని కోసం రేపటినుంచి వంతులు మొదలవుతాయని పెద్దాయన మైకులో చెప్పారు. ఆ మాట అందరికీ స్పష్టంగా వినబడేలా వాల్యూమ్ సరిచేసింది బాబాయే. పస్తంటే హడలిపోయే పాటలక్క కూడా చెయ్యెత్తి వంతు తీసుకుంది. బాబాయ్ తల దించుకుని, హెడ్‌ఫోన్లు సర్దుకుంటున్నట్టు కళ్ళు తుడుచుకున్నాడు.

అది జరిగిన కొద్ది రోజులకి, మధ్యాహ్నం మంచి ఎండలో, వీధి చివరి బామ్మ షాపు ముందుకొచ్చి నిలబడింది. మనిషి ఎండుపుల్ల, గాలేస్తే ఎగిరిపోతుందా అన్నట్టుంటుంది. నోరు పిడచకట్టుకుపోయి ఉంది. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"ఇవాళ నీ వంతు నాది నాయనా" అంది.

బాబాయ్ గాభరాగా స్టూలు మీంచి లేచి ఆమెని కూర్చోబెట్టాడు. "కాస్త టీ తాగు బామ్మా, దేవుడేం అనుకోడు."

"దేవుడనుకోడు. నేననుకుంటాను" అంది బామ్మ. కాసేపు కూర్చుని, అతని తల నిమిరి వెళ్ళిపోయింది.

ఆ పొద్దున బాబాయ్ పనిలో పడి ఏమీ తినలేదు, వేసుకోవాల్సిన టాబ్లెట్ ఇంకా జేబులోనే ఉంది. ఇంట్లో పొద్దున్నే తిండి సయించడం లేదని, షాపుకి తీసుకెళ్ళి టీ, రొట్టెతో వేసుకుంటానని చెప్పి ఉన్నాడు గనక, పిన్ని రోజూ దాన్ని చిన్న కాగితంలో చుట్టి జేబులో పెట్టేది. దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ఇంతమంది కడుపు మాడ్చుకుంటున్నారే, మధ్యలో తను ఒక గోలీ మింగి బాగుపడితే ఆ ఆకలంతా ఏమైనట్టు? బామ్మ పస్తు దేనికైనట్టు? బాగుపడితే వాళ్ళ ప్రార్థన వల్లే బాగుపడాలి. అంతకంటే వాళ్ళకి తను ఇవ్వగలిగిందేముంది? వాళ్ళు తినకుండా ఉంటే తనూ తినకుండా ఉండాలి. ఇది ఎంత తెలివితక్కువ ఆలోచనో మనకి తెలుస్తూనే ఉంది. కృతజ్ఞత తలకెక్కినవాడికి ఎవరు చెప్పినా తెలియదు, పైగా అతను ఎవరికీ చెప్పలేదు.

పిన్ని ఇచ్చిన మందు చెత్తబుట్టలో వేయడానికి చేతులు రాలేదు. మందిరంలో ఎడమ వైపు పెట్టే స్పీకరు బాక్సు అప్పుడు రిపేరుకని షాపులోనే ఉంది. లోపలి గాలి బయటికి రావడానికి ఆ బాక్సుకి ముందు వైపు, కింద ఒక గుండ్రటి కన్నం ఉంటుంది. టాబ్లెట్ అందులో వేశాడు. మర్నాడూ అందులోనే వేశాడు. ఆ తర్వాత అది అలవాటైపోయింది.

మందు మానేసిన ఒళ్ళు ఊరుకోదు కదా. తల దిమ్మెక్కిపోయేది, నిద్ర మళ్ళీ పారిపోయింది, వెనకటి చీకటి రెట్టింపై వచ్చింది. షట్టరు పూర్తిగా దిగిపోయింది, టాబ్లెట్ బాక్సులో పడేసి రావడానికే షాపుకి వెళ్ళేవాడు. డాక్టరమ్మ ఎవరికి చెప్పమన్నదో వాళ్ళకే అతను ముఖం చాటేశాడు. పిన్ని కాలు నిలవక ఇల్లంతా తిరిగేది. మందు పనిచేయడం లేదని, ఇంకా గట్టి మందు రాయమని అడగడానికి డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ తీసుకెళ్ళాలనుకుంది. మందిరంలో వంతులు ఆగకుండా నడుస్తూనే ఉన్నాయి. ఒక్కొక్కరి పస్తు గురించి విన్నకొద్దీ బాబాయ్ తన కంచం ఇంకాస్త దూరం జరిపేవాడు. ఇంతమంది ఇంత చేస్తున్నా బాగుపడలేదంటే లోపం తనలోనే ఉందని అతనికి రూఢి అయిపోయింది. ఒక సాయంత్రం మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని, తను లేకపోతే వీళ్ళంతా సుఖంగా అన్నం తింటారు కదా అనుకున్నాడు. అనుకున్నాక అతనికే భయమేసింది.

రెండు రోజులుగా బాబాయ్ మంచం దిగడం లేదని, వడ్రంగి షాపు తాళం అడిగి తీసుకెళ్ళి ఎడమ బాక్సుని మందిరానికి మోసుకెళ్ళాడు. ఆ సంగతి బాబాయ్ పట్టించుకోలేదు. ప్రార్థన రోజున పిన్ని, పాటలక్క కలిసి అతన్ని చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చి మిక్సర్ ముందు కూర్చోబెట్టారు. పాట మొదలైంది. డోలు మీద మొదటి దెబ్బ పడింది. ఎడమ బాక్సులో గలగలమంది.

ఆ గలగల ఏమిటో బాబాయ్‌కి ఆ ఒక్క దెబ్బకే తెలిసిపోయింది. డోలు ఎంత గట్టిగా మోగితే బాక్సు అంత గట్టిగా గలగలలాడుతోంది. పాటలక్క ఒక చరణం ఓర్చుకుంది, రెండో చరణంలో పాట ఆపేసింది.

"బాబాయ్, ఈ డబ్బాలో ఏదో ఊడినట్టుంది. చూడకూడదూ?"

బాబాయ్ కదల్లేదు. వడ్రంగి లేచి, మరలేవో ఊడి ఉంటాయిలే అనుకుంటూ బాక్సుని ఎత్తి బోర్లించి ఒక్కసారి కుదిపాడు. తెల్లటి టాబ్లెట్లు జలజలా రాలి మందిరం గచ్చు మీద నలువైపులా దొర్లాయి. ఒకటి వెళ్ళి బామ్మ కుర్చీ కాలికి తగిలి ఆగింది.

అవి ఏమిటో తెలిసిన రెండో మనిషి పిన్ని. ఆమె వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కొక్కటే ఏరి అరచేతిలో పోసుకోవడం మొదలుపెట్టింది. "రోజూ కాగితంలో చుట్టి జేబులో పెట్టింది నేనేగా" అంది తలెత్తకుండా. అరిచినా బాగుండేదని బాబాయ్‌కి అనిపించింది.

పెద్దాయన అతని దగ్గరికి వచ్చి, "ఎందుకు తమ్ముడూ?" అని మాత్రం అడిగారు. దాచడానికి ఇంకేం మిగల్లేదు. "మీరంతా నా కోసం పస్తులుంటున్నారు. నేను మందు మింగి బాగైతే మీ పస్తు వృథా అయిపోదండీ? మీ ప్రార్థన వల్లే బాగయ్యానని చెప్పుకోవాలనుకున్నాను." "చేతకాలేదు" అన్నాడు.

ముందు నోరు విప్పింది బామ్మ. ఆమెకి నిజంగానే ఒళ్ళు మండింది. "నా పస్తు కోసం నువ్వు మందు మానేస్తావట్రా? నేను దేవుణ్ణి అడిగింది నీకు నయం చెయ్యమని. ఎలా చెయ్యాలో నేనాయనకి చెప్పానా, నువ్వు చెప్పడానికి?"

పెద్దాయన తల దించుకుని నిలబడ్డారు. "తప్పు మాది" అన్నారు. "నీ కోసం ఆకలితో ఉన్నాం గానీ, నువ్వు తిన్నావా అని ఒక్కరం అడగలేదు." తర్వాత జనం వైపు తిరిగారు. "వంతులు అలాగే ఉంటాయి. పస్తు మాత్రం ఉండదు. ఎవరి వంతు రోజు వాళ్ళు పొద్దున్నే వెళ్ళి తమ్ముడితో కలిసి కూర్చుని తినాలి. తిన్నాక అతను టాబ్లెట్ వేసుకునేదాకా అక్కడినుంచి లేవకూడదు. ప్రార్థన కూడా అక్కడే చేసుకోండి."

"ఇలాంటి వంతైతే నాకు రెండు రోజులివ్వండి" అంది పాటలక్క. నవ్వాలో వద్దో తెలియక జనం మొదట తటపటాయించారు, తర్వాత నవ్వేశారు. బాబాయ్ మాత్రం రెండు చేతుల్లో ముఖం దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పిన్ని ఒక చేతిలో టాబ్లెట్లు అలాగే పట్టుకుని, రెండో చెయ్యి అతని వీపు మీద వేసి నిలబడింది.

మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. మంచం మీద అనుకున్న మాటతో సహా బాబాయ్ అన్నీ చెప్పాడు. ఆమె బాబాయ్‌ని మెల్లటి గొంతుతోనే బాగా చీవాట్లు పెట్టింది. మళ్ళీ తక్కువ మోతాదుతో మొదలుపెట్టింది. వంతు తిండి గురించి విని పెన్ను కింద పెట్టి, "ఈ మందు నేను రాయలేను. వాళ్ళని ఆపెయ్యొద్దని చెప్పండి" అంది.

వాళ్ళు ఆపుతారా? పొద్దున్నే తలుపు తట్టేవారు. వడ్రంగి వచ్చి, ఒక్క మాటయినా మాట్లాడకుండా తిని, బాబాయ్ మింగే గుటక చూసి, తలాడించి పోయేవాడు. పాటలక్క తెచ్చిన గిన్నెలకి బల్ల చాలేది కాదు. ఒక మొగుడూ పెళ్ళాం వచ్చి, గుడ్లు ఎంతసేపు ఉడకాలన్న దాని మీద పోట్లాడుకుని, బాబాయ్‌ని తీర్పు చెప్పమన్నారు. బామ్మ అయితే టాబ్లెట్ వేసుకున్నాక "నాలుక ఎత్తు" అని పరీక్ష చేసేది. కొన్ని పొద్దుటిపూటలు బాబాయ్‌కి ఎవరి ముఖమూ చూడబుద్ధయ్యేది కాదు. ఆ మాట అతను చెప్పేస్తే, వచ్చినవాళ్ళు "సరే, మాట్లాడకులే, తిను" అనేవారు.

నయం కావడం ఒక రోజులో జరగలేదు. రెండడుగులు ముందుకి, ఒకటి వెనక్కి నడిచింది. ఒక పొద్దున ముద్ద నోట్లో పెట్టుకుంటూ, "మన మిక్సీలో బేరింగ్ పోతోందే" అన్నాడు బాబాయ్. ఆ మిక్సీ కొన్ని నెలలుగా అలాగే మోగుతోంది, అది అతని చెవిన పడింది మాత్రం ఆ పొద్దునే. పిన్ని ఏదో పనున్నట్టు వంటింట్లోకి వెళ్ళి, గోడకి ఆనుకుని, దేవుడికి చెప్పుకోవాల్సిందంతా చెప్పుకుని వచ్చింది.

మరికొన్ని నెలలకి, మందిరంలో కృతజ్ఞతలు చెప్పుకునే సమయాన బాబాయ్ హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టి లేచాడు. నడుచుకుంటూ ముందుకెళ్ళి మైకు ముందు నిలబడ్డాడు. వెనక మిక్సర్ ఖాళీ. పాటలక్క గబగబా వెళ్ళి దాని ముందు కూర్చుని, తోచిన నాబ్ తిప్పింది. మైకు కుయ్యిమంది.

"ఎడమనుంచి మూడోది. కొంచెం తగ్గించక్కా" అన్నాడు బాబాయ్ మైకులోనే. కూత ఆగింది. అతని గొంతు స్పీకర్లలో ఎలా ఉంటుందో మందిరం వినడం అదే మొదటిసారి. కాస్త బొంగురుగా, మెత్తగా ఉంది.

"నాకు మాట్లాడటం రాదు. దేవుడికి దణ్ణం. డాక్టరమ్మకి దణ్ణం. నాతో కూర్చుని తిన్న అందరికీ దణ్ణం. మా ఆవిడకి..." అని ఆగాడు, ఆ ముక్క పూర్తి కాలేదు. "నాకింకా పూర్తిగా తగ్గలేదు. మందు ఇంకా వాడాలన్నారు. ఇవాళ పొద్దున కూడా వేసుకున్నాను. చెప్పాలనిపించింది, చెప్పాను."

చప్పట్లు కొట్టడం ఆ మందిరంలో అలవాటు లేదు. బామ్మ కొట్టింది. తర్వాత అందరూ కొట్టారు.

జనం వెళ్ళిపోయాక బాబాయ్ కింద కూర్చుని, వైరుని దాని మెలిక ప్రకారం వదులుగా చుట్టలు వేస్తున్నాడు. పెద్దాయన వచ్చి పక్కన కూర్చున్నారు. ఇంకో వైరు అందుకుని, ఏదో ఆలోచిస్తూ మోచేతికి చుట్టడం మొదలుపెట్టారు. బాబాయ్ చూశాడు. ఏమీ అనలేదు.

"తమ్ముడూ, ఆ డాక్టరమ్మ ఏయే రోజుల్లో ఉంటుంది?" అని అడిగారు పెద్దాయన. వైరు వైపే చూస్తూ అడిగారు. అడిగేముందు ఆయన తీసుకున్న ఊపిరి వణికింది. హెడ్‌ఫోన్లు లేకుండా కూడా బాబాయ్‌కి వినబడింది.

ఎవరికని బాబాయ్ అడగలేదు. "రేపుంటుందండీ. పొద్దున్నే మా ఇంటికి వచ్చెయ్యండి" అన్నాడు. "ముందు తిందాం. తిన్నాక ఇద్దరం కలిసి వెళ్దాం."